మా రోజుల్లో ఓడలుండేవి

ఇప్పటి వాళ్ళకి ఓడ అంటే ఫోన్లో కదిలే చుక్క. మా మనవడు ఆ చుక్కని వేలితో నొక్కి దాని పేరు, వేగం, ఏ రేవు నుంచి ఏ రేవుకి పోతోందో గడగడా చదివేస్తాడు. యారాడ కొండ అవతల లంగరేసుకుని బెర్తు కోసం పడిగాపులు కాసే ఓడల్లో ఒకదానిది పనామా జెండా, ఒకదానిది లైబీరియా జెండా, ఇంకోదానిది మార్షల్ దీవుల జెండా. మార్షల్ దీవులు ఏ మూలనున్నాయో వాడికి తెలీదు. ఆ ఓడ యజమానికైనా తెలుసో లేదో నాకు అనుమానమే. "మన జెండా ఉన్నది ఒక్కటి చూపించరా" అంటే తెరంతా గాలించి, "ఇవాళ లేనట్టుంది తాతయ్యా, రేపు రావచ్చు" అంటాడు. ఆ మాట అనడానికి వాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

మా రోజుల్లో ఇలా లేదు. నేను విశాఖలో పాత పోస్టాఫీసు దగ్గర ఓ షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టాలీ గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిపించుకుని రిటైరైన వాణ్ణి. రేవులో ఏ బెర్తు మీద ఏ ఓడ ఉందో మా వీధిలో కూరగాయల గంప దించే మనిషిక్కూడా తెలిసేది. పేరు వింటే చాలు, ఎవరిదో చెప్పేసేవాళ్ళం. 'జల' అని మొదలైతే సింధియా వాళ్ళది. 'జగ్' అంటే గ్రేట్ ఈస్టర్న్ వాళ్ళది. 'విశ్వ' అంటే మన సర్కారుది, షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది. చివర 'జయంతి' అని వస్తే ఆ కథ వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఈ సర్కారు కంపెనీ చరిత్ర చెప్పబోతే మా ఇంట్లో వాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. అందుకని మీకు చెబుతున్నాను. 1950లో ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ అని ఒకటి పెట్టారు. అందులో పెద్ద వాటా ప్రభుత్వానిది, నడిపే పని సింధియా వాళ్ళది. 1956లో దాన్ని ప్రభుత్వం పూర్తిగా చేతుల్లోకి తీసుకుంది. అదే ఏడు వెస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ అని ఇంకోటి పుట్టించింది. తూర్పుకొకటి, పడమరకొకటి ఎందుకనుకుని 1961 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, రెండింటినీ కలిపేశారు. అలా పుట్టినప్పుడు చేతిలో ఉన్నవి 19 ఓడలు. మొదట్నుంచీ దాన్ని ఒక దారిలో పెట్టిన సి.పి.శ్రీవాస్తవ గారు 1974లో ఐక్యరాజ్య సమితి వారి సముద్ర రవాణా సంస్థకే సెక్రటరీ జనరల్‌గా వెళ్ళి 1989 దాకా అక్కడ ఉన్నారు. సర్కారు కంపెనీ అనగానే ముక్కు చిట్లించే కుర్రకారుకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పరు.

సర్కారుకి ఓడలెందుకు అని ఇప్పుడు అందరూ పెద్ద మేధావుల్లా అడుగుతున్నారు. ఈ ప్రశ్నకి మనకి జవాబు చెప్పింది ఇంగ్లీషు వాడే. 1856లో విలియం మెకినన్ అనే స్కాట్లాండు వ్యాపారి కలకత్తా నుంచి రంగానికి, అంటే రంగూన్‌కి, టపా మోసే కాంట్రాక్టు పట్టుకుని రెండు స్టీమర్లతో కంపెనీ పెట్టాడు. మరుసటేడు సిపాయిల తిరుగుబాటు రాగానే అదే స్టీమర్లు సింహళం నుంచి కలకత్తాకి సైనికుల్ని దించాయి. 1862లో దానికి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని పేరు మారింది. మా పెద్దవాళ్ళు బీఐ కంపెనీ అనేవారు. టపా సంచీ సర్కారుది, సిపాయి సర్కారువాడు, కిరాయి సర్కారు ఖజానా నుంచి. ఈ మూడింటి మీద నిలదొక్కుకుని, ఆ పైన డెక్కు మీద కూలీ జనాన్ని కుక్కి సంపాదించింది. కాకినాడ నుంచి, భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి ఎంతమంది మనవాళ్ళు ఆ డెక్కు మీద వానకి తడిసి, ఎండకి ఎండి రంగం చేరలేదూ!

బీఐకి పోటీగా ఓడ నడుపుతానన్నందుకు వి.ఓ.చిదంబరం పిళ్ళై గారు ఏమయ్యారో చూడండి. 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. 1908కల్లా ఆయన్ని రాజద్రోహం కింద జైల్లో వేశారు. కంపెనీ మునిగింది. తెల్లవాడికి ఓడ అంటే వ్యాపారం ఒక్కటే కాదని, రాజ్యమే దాని మీద నడుస్తోందని దీన్నిబట్టి తెలియడం లేదూ? రాజ్యం చేసేవాడు తన ఓడల్ని ఇంకొకడి చేతిలో పెట్టడు. ఆ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

ఆ తర్వాత సింధియా వాళ్ళు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలైనవాళ్ళు గ్వాలియర్ మహారాజా దగ్గర ఒక పాత ఓడ కొన్నారు. దాని పేరు లాయల్టీ. మొదటి యుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఆసుపత్రిగా తిరిగిన ఓడ అది. అదే ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండనుకి బయల్దేరింది. ఇప్పుడు మనం జాతీయ నౌకాయాన దినం అని జరుపుకునేది ఆ తేదీనే. బీఐ పెద్ద లార్డ్ ఇంచ్‌కేప్ కిరాయిలు తెగ్గోసి వీళ్ళని ముంచాలని చూశాడు. 1923లో సవాలక్ష షరతుల ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాడు. అయినా వీళ్ళు మునగలేదు. మన విశాఖ రేవు 1933 అక్టోబరు 7న తెరుచుకున్నప్పుడు లోపలికి వచ్చిన మొదటి ఓడ ఎవరిదనుకున్నారు? జలదుర్గ. సింధియా వాళ్ళదే.

1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ వచ్చి ఇక్కడ వాళ్ళ ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరక్కముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ వాడు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాడు. ఊరు ఊరంతా మూటా ముల్లే కట్టుకుని పల్లెలకి పారిపోయింది. కార్ఖానా పని కుంటుపడింది. అయినా సరే, 1948 మార్చి 14న నెహ్రూ గారు వచ్చి జల ఉషని నీట్లోకి దింపారు. స్వతంత్రం వచ్చిన ఏడాదిలోపు ఎనిమిది వేల టన్నుల ఓడ! ఆ ఓడ జారిన చోటికి దగ్గర్లోనే ఇప్పుడు సింధియా జంక్షన్‌లో కుర్రాళ్ళు టీ తాగుతూ నిలబడతారు. సింధియా ఎవర్రా అని అడిగి చూడండి. బస్టాపండీ అంటారు.

ఆ రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీల ఓడలు చాలావరకు సర్కారు పని మీదే పోయాయి, కొన్ని తిరిగి రాలేదు. 1944 మార్చిలో సింధియా వాళ్ళ ఎల్ మదీనా వెయ్యిమందికి పైగా సైనికులతో కలకత్తా నుంచి చిట్టగాంగ్ వెళ్తుంటే జపాన్ జలాంతర్గామి కొట్టింది. సుమారు 380 మంది పోయారు. అంతకుముందు 1943 నవంబరు 26న మధ్యధరాలో బీఐ వాళ్ళ రోహ్నా మునిగింది. దానిలో పోయిన అమెరికా సైనికులే 1,015 మంది. ఓడ సిబ్బందిలో వందకు పైగా పోయారు. వాళ్ళలో అత్యధికులు మన దేశపు కళాసీలు. శత్రువుకి తెలియకూడదని ఆ సంగతి చాలాకాలం బయటికి పొక్కనివ్వలేదు. రోహ్నా 1926లో మన మద్రాసు, సింగపూర్ల మధ్య తిరగడానికి కట్టిన ఓడ. దాని జంట ఓడ రజులా కూడా యుద్ధంలో సైనికుల్ని మోసింది. అది మాత్రం బతికి బయటపడి, మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ దారిలో అరవై, డెబ్భైల దాకా జనాన్ని మోసి మోసి, 1973లో మన షిప్పింగ్ కార్పొరేషన్ చేతికొచ్చింది. నలభై ఏడేళ్ళ ముసలిది. ఇప్పుడు ఓడకి ఇరవై అయిదేళ్ళొస్తే చాలు తుక్కు కింద అమ్మెయ్యమంటున్నారు. మనుషుల సంగతీ అంతేలెండి.

ఇక మా కాలానికొస్తాను. ప్రభుత్వం విదేశాల్లో ఏది కొన్నా, రవాణా మనమే చూసుకునేలా అక్కడి రేవులోనే సరుకు చేతికి తీసుకోవాలన్నది అప్పటి పద్ధతి. ఏ ఓడలో ఎక్కించాలో ఢిల్లీలో ట్రాన్స్‌చార్ట్ అనే విభాగం చూసేది. మొదటి పిలుపు మన జెండా ఓడకి. ఎరువులు, ఉక్కు, యంత్రాలు, గోధుమలు అన్నీ అలాగే. అరవైల మధ్యలో వరసగా వానలు మొహం చాటేస్తే, అమెరికా నుంచి పీఎల్ 480 అనే సాయం పథకం కింద గోధుమలు ఓడ మీద ఓడ వచ్చి, సంచులు రేషన్ షాపులకి నేరుగా పోయేవి. ఓడ నాలుగు రోజులు ఆలస్యమైతే ఇంట్లో రొట్టె ఆలస్యమైనట్టే. అప్పుడు గానీ తెలీదు, కిరాయి ఓడ కోసం వాషింగ్టన్ మొహం చూడటం ఎలా ఉంటుందో.

రష్యా సరుకు ఇంకో రకం. 1956లో మనకీ సోవియట్‌కీ కుదిరిన ఒప్పందం మీద రెండు దేశాల ఓడలూ కలిసి ఒకే సర్వీసుగా నల్ల సముద్రపు రేవుల నుంచి తిరిగేవి. భిలాయి ఉక్కు కార్ఖానా సామానూ ఆ దారినే, సైన్యం సామానూ ఆ దారినే. 1968లో కల్వరి జలాంతర్గామి విశాఖకి వచ్చాక మన రేవులో నేవీ వాళ్ళ తెల్ల దుస్తులు ఎక్కువయ్యాయి. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో రక్షణ శాఖ సరుకుని దింపించుకునే పనికి సైన్యం వాళ్ళ ఎంబార్కేషన్ హెడ్‌క్వార్టర్స్ అని ఆఫీసులే ఉన్నాయి. మందుగుండు ఉన్న ఓడ వస్తే పగలు ఎర్రజెండా, రాత్రి ఎర్రదీపం. ఆ ఎర్ర గుడ్డ కనిపించిందంటే రేవు మొత్తం మీద బీడీ ముట్టించే మొనగాడు ఉండేవాడు కాదు. పెట్టెల మీద స్టెన్సిల్ గుర్తులు, అంకెలు. లోపలేముందని గుమాస్తా అడగకూడదు. గుర్తు రాసుకో, సంఖ్య రాసుకో, సీలు చూసుకో, పెన్ను మూసుకో. అంతే.

కాగితాల సంగతి మాత్రం అడక్కండి. సర్కారు సరుకైతే ప్రతి కాగితం ఏడు కాపీలు. కార్బన్ పేపరు పెట్టి గట్టిగా నొక్కి రాస్తే నాలుగో కాపీ దాకా కనబడేది. అయిదు, ఆరు, ఏడు దేవుడి దయ. ఒక ఆఫీసు నుంచి (పేరు చెప్పను) మా బిల్లు ఏడో కాపీ చదవడానికి లేదని వెనక్కొచ్చింది. మళ్ళీ రాసి పంపితే, సంతకంలో తేదీ ఏడో కాపీ మీద లేదని మళ్ళీ వచ్చింది. ఆ సొమ్ము మాకు ముట్టేసరికి ఆ ఓడ ఇంకో రెండుసార్లు విశాఖ వచ్చి పోయింది. అయినా ముట్టింది. సర్కారు బిల్లు ఆలస్యమవుతుంది గానీ మునగదు. ఇప్పుడు కుర్రాళ్ళు స్టార్టప్పులు పెట్టి, సర్వీసు చేయించుకుని, మీట నొక్కి మాయమైపోతున్నారు. ఏడు కాపీలు కాదు, ఒక్క కాపీ కూడా లేదు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ఊళ్ళో కిటికీలు అదిరాయి. తెల్లారాక తెలిసింది, బయట సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని. ఆ కథ ఇప్పుడు సినిమా కూడా తీశారు, అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి చెబుతాను. అదే నెల మధ్యలో, శత్రువు బర్మా వైపు పారిపోకుండా కాక్స్ బజార్ దగ్గర సైనికుల్ని దింపాలనుకున్నారు. గూర్ఖా సైనికులు కలకత్తాలో ఎక్కింది నేవీ ఓడ కాదు, విశ్వ విజయ అనే సరుకు ఓడ. అంతవరకూ బస్తాలు మోసిన ఓడ. నడిసముద్రంలో దాని మీంచి నేవీ ల్యాండింగ్ షిప్పుల్లోకి మారారు. దింపడం అనుకున్నంత సాఫీగా జరగలేదు. నీళ్ళ లోతు మోసం చేసింది, ప్రాణాలూ పోయాయి. కానీ పిలిచిన రోజున ఆ ఓడ ఉందా లేదా? ఉంది. ఎవరి ముందూ చేతులు కట్టుకుని, రోజుకి డాలర్లెన్ని అని అడగక్కర్లేకుండా ఉంది. అందులో నావికులు యూనిఫారం లేని వాళ్ళు. పతకాల కోసం పని చేసినవాళ్ళు కారు.

పతకాలంటే గుర్తొచ్చింది. ఎనభైల్లో షిప్పింగ్ కార్పొరేషన్ వాళ్ళు ముడిచమురు మోసే 15 ట్యాంకర్లకి పరమవీర చక్ర వీరుల పేర్లు పెట్టారు. మేజర్ సోమనాథ్ శర్మ, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖాన్... పేరు పక్కన పరమవీర చక్ర అని కూడా రాసేవారు. రేడియోలో ప్రతి రేవు కంట్రోల్ రూము వాడూ ఆ పొడుగాటి పేరు పూర్తిగా పలకాల్సిందే. మన దేశం మొహం ఎరగని తెల్లవాడు కూడా ఆల్బర్ట్ ఎక్కా పేరు రోజూ పలికాడు, ఆ కంపెనీ పుణ్యమా అని. ఆ ట్యాంకర్లు వయసుడిగి ఒక్కొక్కటే తుక్కుకి వెళ్ళిపోయాయి. 2023 జనవరిలో అండమాన్లలో పేరు లేని 21 దీవులకి పరమవీర చక్ర వీరుల పేర్లు పెట్టారు. మంచిదే, నేను కాదనను. కానీ దీవి ఉన్నచోటే ఉంటుంది. ఓడ ఆ పేరుని ఊరూరా తిప్పేది.

ఇప్పుడు జయంతి కథ. ఇది మన తెలుగాయన కథ కాబట్టి చెప్పక తప్పదు. జయంతి ధర్మతేజ అని, మాటకారి, పెద్దపెద్ద వాళ్ళతో పరిచయాలున్నవాడు. 1961లో జయంతి షిప్పింగ్ కంపెనీ పెట్టి, ప్రభుత్వ షిప్పింగ్ నిధి నుంచి 20 కోట్ల రూపాయల అప్పు మంజూరు చేయించుకున్నాడు. అరవైల్లో 20 కోట్లంటే! జపానులో కొత్త ఓడలు కట్టించాడు. నాలుగేళ్ళ పాటు ఆయన ఫోటో లేని పత్రిక లేదు, మన తెలుగువాడని మేమూ ఛాతీ విరుచుకున్నాం. లెక్కలు తేలలేదు. 1966లో ప్రభుత్వం చట్టం చేసి ఆ కంపెనీని తన అజమాయిషీలోకి తీసుకుంది. ఆయన దేశాలు పట్టి తిరిగి, 1970లో లండన్లో దొరికి, 1972లో ఇక్కడ శిక్షపడి జైలుకెళ్ళాడు. ఓడలు మాత్రం ఎక్కడికీ పారిపోలేదు. 1973లో అవి షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిశాయి. ప్రైవేటువాడైతే అన్నీ చక్కగా నడుపుతాడని నాకు పాఠం చెప్పే కుర్రాళ్ళందరికీ నేను వినిపించేది ఈ కథే. ఆ రోజు సర్కారు కంపెనీ లేకపోతే ఆ ఓడల్ని ఎవరు నడిపేవారు? వేలంలో ఏ గ్రీసు వాడో ఎగరేసుకుపోయేవాడు.

హజ్ ఓడల సంగతీ అంతే. 1877లో మొదలైన మొగల్ లైన్ కంపెనీ నష్టాల్లో పడితే, 1986లో దాన్ని షిప్పింగ్ కార్పొరేషన్‌లోనే కలిపారు. మన హైదరాబాదు వాళ్ళు బొంబాయి దాకా రైల్లో వెళ్ళి జిద్దా ఓడ ఎక్కేవారు. 1995తో ఓడ మీద హజ్ ప్రయాణం ముగిసింది. విమానంలో నాలుగైదు గంటల్లో వెళ్ళొచ్చు కాబట్టి ఎవరూ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పుణ్యానికి తొందరేమిటని మాత్రం అనుకున్నాను.

అండమాన్ ఓడ మాత్రం అలా కాదు. దాని మీద ఒక ఊరికి ఊరే ఆధారపడి ఉంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి రెండున్నర రోజుల ప్రయాణం. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం చేశారు. నా నోటికి ఇంకా తిరగడం లేదు, క్షమించండి. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి, తాపీపనికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఎంతమంది స్థిరపడ్డారో లెక్క లేదు. అండమాన్ పాలనా యంత్రాంగం తరఫున షిప్పింగ్ కార్పొరేషన్ నడుపుతూ వచ్చిన ఓడలు అవి. హర్షవర్ధనని బొంబాయి మజగావ్ డాకులో కట్టారు. నాన్‌కౌరీ పోలండ్ నుంచి వచ్చింది. స్వరాజ్ ద్వీప్ మన హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే. టికెట్ల రోజున రేవు దగ్గర తెల్లారకముందే క్యూ. చంకలో బిడ్డ, నెత్తిన ఆవకాయ జాడీ, చేతిలో కోడి. ఆ పక్కనే బదిలీ మీద వెళ్ళే సిపాయి, ఎల్‌టీసీ మీద వెళ్ళే గుమాస్తా కుటుంబం. బంకు క్లాసులో అందరూ ఒక్కటే, సముద్రం మూడో పూటకి అందరి కడుపునీ ఒకేలా తిప్పుతుంది. 2004 సునామీలో నికోబార్ జెట్టీలు ముక్కలైతే, బతికినవాళ్ళని పోర్ట్ బ్లెయిర్‌కి చేర్చే పనిలో ఈ దీవుల ఓడలూ పాలుపంచుకున్నాయి. 2015లో యెమెన్‌లో యుద్ధం ముదిరితే లక్షద్వీప్‌కి తిరిగే కవరత్తి, కోరల్స్ అనే ప్రయాణికుల ఓడలు కొచ్చి నుంచి బయల్దేరి జిబూతీ దాకా వెళ్ళి మనవాళ్ళని ఎక్కించుకొచ్చాయి. కిరాయికి పిలిస్తే ఏ కంపెనీవాడైనా తన ఓడని యుద్ధం మధ్యకి మామూలు ధరకే పంపుతాడా? ముందు బీమా వాణ్ణి అడగాలంటాడు.

ఇంత చెప్పినా మా మనవడు ఒప్పుకోడు. వాడు లాజిస్టిక్స్ కంపెనీలో పనిచేస్తాడు లెండి, వాడికి ఆ మాటే పెద్ద డిగ్రీ. "తాతయ్యా, మీ రోజుల్లో ఓడ దించడానికి రెండు వారాలు పట్టేది. ఇప్పుడు కంటైనర్లు ఒక్కరోజులో దించేసి పంపేస్తున్నాం. మీ కళాసీలు కొక్కేలేసి బస్తాలు చించేవారు, సగం గోధుమలు బెర్తు మీదే పోయేవి" అంటాడు. వాడన్న దాంట్లో నిజం లేకపోలేదు. హోల్డులో సిమెంటు దుమ్ములో పనిచేసిన కూలీల ఊపిరితిత్తులు నేను చూశాను. ఆ పని యంత్రానికి పోయిందంటే నాకు సంతోషమే. చిరిగిన బస్తా నుంచి రాలిన గింజలు ఏరుకునే ఆడవాళ్ళు రేవు గేటు బయట నిలబడేవారు. అదీ నిజమే. కానీ నేను మాట్లాడేది ఓడ ఎంత త్వరగా ఖాళీ అవుతుందని కాదు. ఓడ ఎవరి మాట వింటుందని.

లెక్కలు వాడి ఫోన్లోనే చూపించమన్నాను. 1980ల చివర మన దేశపు విదేశీ వ్యాపారంలో సుమారు 40 శాతం మన ఓడల మీద వెళ్ళేది. ఇప్పుడు అది 5 శాతం పరిసరాల్లో ఉంది. విదేశీ ఓడల కంపెనీలకి ఏటా మనం కడుతున్న కిరాయి దాదాపు ఆరు లక్షల కోట్ల రూపాయలని 2025లో ప్రధానమంత్రే చెప్పారు, అది మన రక్షణ బడ్జెట్‌తో సమానమట! అంటే ఒక చేత్తో సైన్యానికి ఎంత ఇస్తున్నామో, ఇంకో చేత్తో ఊరూ పేరూ తెలియని ఓడలవాడికి అంతే ఇస్తున్నాం. 2021లో కంటైనర్ కిరాయిలు ఆకాశానికంటితే అప్పుడు అందరూ గగ్గోలు పెట్టారు. 2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైతే మళ్ళీ గగ్గోలు. ఇల్లంటుకున్నప్పుడు బావి తవ్వే బుద్ధి మనకి పాతదే.

2008లో మన షిప్పింగ్ కార్పొరేషన్‌కి నవరత్న హోదా ఇచ్చారు. 2019 నవంబరులో, ప్రభుత్వానికి ఇందులో ఉన్న 63.75 శాతం వాటా అమ్మెయ్యాలని కేబినెట్ నిర్ణయించింది. రత్నం అని మెడలో వేసుకుని పదేళ్ళు తిరిగాక అంగట్లో పెట్టారన్నమాట. తర్వాత స్థలాలూ భవనాలూ విడదీసి ఇంకో కంపెనీ కింద రాశారు, ఏళ్ళు గడిచాయి. మా వీధిలో షేర్లాడే కుర్రాడు "తాతగారూ, అమ్మకం వార్త వస్తే ధర పెరుగుతుంది, కొని ఉంచండి" అని సలహా ఇచ్చాడు. ఓడ పోతే లాభమట! ఈ చెవులతోనే విన్నాను. మన హిందుస్థాన్ షిప్‌యార్డు 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్ళింది. యుద్ధనౌకలకి చోటుండాలని ప్రభుత్వానికి తెలుసు. మరి ఆ యుద్ధనౌకల వెనక నూనె, తిండి, మందుగుండు మోసుకెళ్ళే మామూలు ఓడ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బ్రిటన్‌కి ఈ బుద్ధి ఉంది. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం యుద్ధానికెళ్ళినప్పుడు వాళ్ళ దేశపు కంపెనీల ఓడల్ని, విలాసంగా తిరిగే క్వీన్ ఎలిజబెత్ 2ని కూడా, సర్కారు తీసేసుకుని సైనికుల్ని ఎక్కించింది. 1952లో బీఐ కంపెనీకి కట్టిన ఉగాండా ఆ వేళకి బడిపిల్లల్ని తిప్పే ఓడగా మారి ఉంది. పిల్లల్ని దింపేసి, ఆసుపత్రి ఓడ చేసేశారు. ప్రైవేటు ఓడలే, కానీ వాళ్ళ జెండా కింద ఉన్నవి, వాళ్ళ చట్టం వినేవి. పనామా జెండా ఉన్న ఓడకి మన ఢిల్లీ నుంచి కబురు పంపితే ఏమవుతుందో ఊహించుకోండి.

కాబట్టి సర్కారు కంపెనీనే ఉంచండి అని నేను మొండికెయ్యడం లేదు. ఎవరైనా నడపండి, ఎంత లాభమైనా తీసుకోండి. మన జెండా కింద కొన్ని వందల ఓడలుండాలి, పిలిస్తే రావాలి, అంతే నా ఏడుపు. అలా కాదు, అమ్మేసి ఊరుకుంటాం అంటారా, సరే. రేపు తుఫానో యుద్ధమో కరువో వచ్చిన రోజున ఓడ కోసం ఏ దేశంలో ఎవరికి ఫోను చెయ్యాలో, వాడు ఎత్తకపోతే ఎవరు జవాబుదారో ఇప్పుడే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఏడు కాపీలు తియ్యండి. ఏడోది నాకు పంపండి, అక్షరాలు కనబడకపోతే వెనక్కి కొడతాను.